మెంతిమడిలో చేపల వాసన

మా కోసిగిలో కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. అప్పటికి చేలల్లో పత్తి తీయడం సగానికి పైగా అయిపోతుంది. ధర పెరిగితే అమ్ముదామని ఆశపడే రైతులు పత్తిని ఆదోని మార్కెట్టుకు తోలకుండా, మూటలు కట్టి ఇంట్లోనే దాచుకుంటారు. నడిమింట్లో మూటలే, పడసాలలో మూటలే. మనుషులు సందుల్లో చాపలు పరుచుకుని పడుకోవలసిందే.

మా ఎదురింటివారి సంగతీ అంతే. ఆ ఇంట్లో ఏడవ తరగతి చదివే కుర్రవాడు ఒకడున్నాడు. పేరు రాస్తే వాడు సిగ్గుపడతాడు గనక రాయను. వాడి అన్న బెంగుళూరులో పనిచేస్తూ, దీపావళికి వచ్చినప్పుడు తమ్మునికి ఒక వింత దీపం తెచ్చి ఇచ్చాడు. అది వెలిగితే గదంతా ఊదారంగు పరుచుకుంటుంది. వీధిలో పోయేవారు కిటికీలోనుంచి తొంగిచూసి, "ఏమప్పా, మీ ఇంట్లో సినిమా ఆడిస్తాండారా?" అని అడిగేవారు. "సినిమా కాదు, మెంతికూర పెంచుతాండా," అని మావాడి జవాబు.

పిల్లలూ, ఇంట్లో దీపం కింద మెంతికూర పెరుగుతుందా అని మీకు సందేహం కలగవచ్చు. తప్పకుండా పెరుగుతుంది. మొక్కకు కావలసింది వెలుగు. అది సూర్యుడిదా, మరొకరిదా అని మొక్క అడగదు. 1880 నాటికే ఇంగ్లండులో విలియం సీమన్స్ అనే ఇంజనీరు పెద్ద పెద్ద ఆర్క్ దీపాల వెలుగులో రాత్రిపూట మొక్కలు పెంచి చూపించాడు. మొక్క ఆకుల్లో ఉండే పత్రహరితం సూర్యకాంతిలోని ఎరుపునూ, నీలాన్నీ ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చను అంతగా పీల్చుకోక చాలాభాగం వదిలివేస్తుంది. ఆ వదిలివేసిన రంగే మన కంటికి కనపడుతున్నది. అందుచేత ఎరుపు, నీలం దీపాలు రెండూ కలిపి వెలిగిస్తే మొక్కకు భోజనం అమరుతుంది. ఆ రెండు రంగులూ కలిసినప్పుడు మనకు కనిపించేదే ఆ ఊదా వెలుగు.

ఎల్‌ఈడీ అనే యీ చిన్న దీపాల్లో కంటికి కనిపించే ఎరుపును 1962లో నిక్ హోలోన్యాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు సాధించాడు. నీలం మాత్రం ఎవరికీ ఒక పట్టాన లొంగలేదు. ప్రకాశవంతమైన నీలిదీపాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే, జపానులో పుట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఆ మరుసటి సంవత్సరం ఆగస్టులో, భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు ఇటువంటి దీపాల కిందనే ఎర్రని లెట్యూస్ ఆకుకూర పెంచుకుని తిన్నారు. అంతదూరం పోనక్కరలేదు. మన తెలుగు రైతులే కొందరు డ్రాగన్ పండ్ల తోటల్లో రాత్రిపూట వరుసగా దీపాలు వెలిగించి, పగలు పొడుగ్గా ఉన్నదని చెట్లను భ్రమింపజేసి, కాలం కాని కాలంలో పూలు పూయిస్తున్నారు. చామంతిది దీనికి సరిగ్గా ఎదురు స్వభావం. రాత్రి పొడుగైతేనే దానికి మొగ్గ వస్తుంది. కార్తీక మార్గశిరాల్లో మన పెరళ్లలో చామంతులు విరగబూయడానికి కారణం ఇదే.

ఇక అసలు కథకు వద్దాం.

ఒక శనివారం నాడు, ఇంకా చీకటి విడకముందే, ఎదురింటి అవ్వ వచ్చి మా తలుపు తట్టింది. "అయివారూ, మా ఇంట్లో చేపల వాసన వస్తాంది. శనివారం మేము నీసు ముట్టము గదా! పిల్లి ఏమన్నా తెచ్చి పడేసిందేమో అని మూలమూలా వెతికినా. ఏమీ లేదు," అన్నది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. పిల్లలూ, మీరూ గుర్తుపెట్టుకోండి. ప్లగ్గులూ, సాకెట్లూ తయారుచేసే కొన్ని రకాల ప్లాస్టిక్కు మితిమీరి వేడెక్కితే కుళ్లిన చేపల వాసన వస్తుంది. మంట లేదు, పొగ లేదు, ఇంట్లో చేపలు లేవు, వాసన మాత్రం ఉన్నది అంటే, ఎక్కడో కరెంటు కాలుతున్నదన్నమాట.

లోపలికి పోగానే ముందు మెయిన్ స్విచ్చి ఆపించాను. తరవాత టార్చిలైటు వేసి చూస్తే నాకు గుండె ఝల్లుమన్నది. కుర్రవాడి మెంతిమడి ఒక అట్టపెట్టెలో ఉన్నది. వెలుగు వృథాపోకుండా పెట్టె లోపలంతా తళతళలాడే అల్యూమినియం కాగితం అంటించాడు. పెట్టె ఒక బల్లమీద, దాని పక్కనే పత్తి మూటలు. గోడకున్న సాకెట్టు దూరమని ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి, దాన్ని మూటమీదనే పెట్టాడు. అందులో మూడు ప్లగ్గులు: దీపానిది ఒకటి, వాళ్ల నాయన ఫోనుది ఒకటి, బకెట్లో నీళ్లు కాచే హీటరు రాడ్డుది ఒకటి. రాడ్డు ప్లగ్గు పిన్నులు లావుగా ఉండి ఆ రంధ్రాల్లో పట్టవు గనక మధ్యలో ఒక అడాప్టరు తగిలించారు. ఆ అడాప్టరు సగం వంగిపోయి, గోధుమరంగుకు మారి ఉన్నది. దాని కింద మూటగుడ్డ మీద రూపాయి బిళ్లంత మేర పసుపుపచ్చగా కమిలింది.

పత్తికి నిప్పు అంటుకోవడం మీరు చూశారో లేదో! ఒక్కొక్కసారి దానికి మంట కూడా కనపడదు. మూట లోలోపల గంటల తరబడి రాజుకుంటూ పోయి, గాలి తగలగానే భగ్గుమంటుంది. ఆ మూటల పక్కన ఆ రాత్రి నలుగురు పడుకుని ఉన్నారు.

కుర్రవాడు ఏడుపు మొగం పెట్టి, "నా దీపమే కదా సార్ ఇదంతా చేసింది? పారేస్తా," అన్నాడు.

"ఉండరా అబ్బీ, నేరం ఎవరిదో లెక్క వేసి చూద్దాం," అని కాగితమూ పెన్సిలూ తెప్పించాను. నలభై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది!

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఎన్ని ఆంపియర్ల కరెంటు పారుతున్నదో తెలుస్తుంది. వాడి దీపం 40 వాట్లు. అంటే 0.17 ఆంపియరు, చెప్పుకోదగ్గది కాదు. రాడ్డు 1500 వాట్లు. అంటే 6.5 ఆంపియర్లు. ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సులోని చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు మించి మోయడానికి పుట్టలేదు. ఇదొక తప్పు. కాని పెద్ద తప్పు ఇంకొకటి ఉన్నది.

సాకెట్టు లోపల ఇత్తడి రేకులు ప్లగ్గు పిన్నును రెండువైపులా గట్టిగా పట్టుకుని ఉండాలి. పాతబడ్డ కొద్దీ ఆ పట్టు సడలుతుంది. వదులైనచోట కరెంటు వెళ్లడానికి అడ్డు ఏర్పడుతుంది. దాన్ని నిరోధం అంటారు, ఓముల్లో కొలుస్తారు. అక్కడ పుట్టే వేడి ఎంతో తెలియాలంటే కరెంటును కరెంటుతోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని ఆ నిరోధంతో హెచ్చవేయాలి. వదులు పిన్ను దగ్గర నిరోధం అర ఓము ఉన్నదనుకుందాం. రాడ్డు నడుస్తూండగా 6.5ను 6.5తో హెచ్చవేస్తే 42 చిల్లర. అందులో సగం 21 వాట్లు. రేడియోలు బాగుచేసే దుకాణంలో సీసం, తగరం కరిగించే సోల్డరింగ్ కడ్డీ చూశారు గదా, అది 25 వాట్లదే! అంటే వడ్లగింజంత చోట, పత్తి మూట మీద, దాదాపు ఒక సోల్డరింగ్ కడ్డీ పెట్టి వదిలేసినట్టు.

అదే వదులు పిన్నులోనుంచి దీపం ఒక్కటే కరెంటు తీసుకున్నప్పుడు ఎంత వేడి పుడుతుందో లెక్కవేయమని కుర్రవాడికే ఇచ్చాను. వాడు రెండు నిమిషాల్లో వేసి చూపించాడు: ఒక వాటులో నూరోవంతు చిల్లర. వాడి మొగం కొంచెం విప్పారింది.

అంతా వింటూ నిలబడ్డ వాళ్ల నాయన అప్పుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "సార్, పోయినేడే ఎంసీబీ పెట్టిచ్చినా గదా. అదెందుకు పడిపోలేదు?"

పెద్దవాళ్లు కూడా చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎంసీబీ కాపలా కాసేది గోడలోని తీగెలకు. తీగె మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పారితే అది పడిపోతుంది. కాని వదులైన పిన్ను కరెంటును పెంచదు. నిజానికి రవ్వంత తగ్గిస్తుంది. కనక ఎంసీబీకి ఏ లోపమూ కనపడదు. ముందు ద్వారం దగ్గర కాపలావాడు మెలకువగానే ఉన్నాడు, దొంగ మాత్రం ఇంట్లోవాడే అయినాడు! పైగా యీ దొంగ రోజురోజుకూ బలుస్తాడు. వేడికి ఇత్తడి రేకు పట్టు ఇంకా సడలుతుంది, దానిమీద చిలుము వంటి పొర ఏర్పడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి మరింత ఎక్కువవుతుంది. ఈ దొంగను పట్టుకునేవి మన ముక్కూ, మన చెయ్యీ. గంటసేపు నడిచిన ప్లగ్గును స్విచ్చి ఆపి, పొడిచేత్తో వెనకవైపు ప్లాస్టిక్కును తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేకపోతే దాన్ని ఆ రోజే మార్పించవలసిందే. పిల్లలు తామే విప్పిచూడరాదు, పెద్దవాళ్లకు చెప్పాలి.

దీపం మీద నేరం లేదని తేలిందిగాని, దాన్ని అమర్చిన తీరు చూస్తే నాకు నచ్చలేదు. ఎల్‌ఈడీ దీపం చల్లగా ఉంటుందని అందరూ అంటారు. పాత గాజు బల్బుతో పోలిస్తే నిజమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పాఠశాలలో సైన్సు ప్రదర్శనకు పిల్లలు అట్టపెట్టెలో 100 వాట్ల బల్బు పెట్టి కోడిగుడ్లు పొదిగించబోయారు. మధ్యాహ్నానికి గుడ్లు పొదగలేదు సరిగదా, అట్ట నల్లగా మాడి పొగ వచ్చింది. ఆ రోజు బల్లదగ్గర కాపలా ఉండవలసినవాణ్ణి నేనే. టీ తాగడానికి పోయాను. ఆ బల్బులో 100 వాట్లకు 90కి పైగా వేడిగానే పోతాయి. ఎల్‌ఈడీలో కూడా దాదాపు సగం వేడిగా మారుతుంది. అది పోవడానికి దీపం వెనక రేకుపలకలు ఉంటాయి. వాటికి గాలి ఆడాలి. మూసిన పెట్టెలో, రోజుకు పద్నాలుగు గంటలు వెలిగే దీపానికి గాలి ఎక్కడిది? రాత్రి నిద్రపోయేముందు ఆపే మామూలు దీపం వేరు, మొక్కల దీపం వేరు. ఇది పొద్దస్తమానమూ వెలుగుతుంది గనక చిన్నలోపం కూడా బాగా ముదరడానికి దీనికి తీరిక దొరుకుతుంది.

అల్యూమినియం కాగితం ఇంకొక ప్రమాదం. అది లోహం. దీపం తీగె ఎక్కడైనా ఒరుసుకుపోయి దానికి తగిలితే పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది. మావాడు రోజూ ఆ పెట్టెలో చేతులు పెట్టి, తడిచేతులతో, బండలమీద వట్టి కాళ్లతో నిలబడి మొక్కలకు నీళ్లు చిలకరిస్తున్నాడు!

ఇక్కడ మళ్లీ లెక్క అవసరమైంది. ఒంట్లోనుంచి 30 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు కాసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పవచ్చు. వాడి చిన్న దీపం తీసుకునేదే 170 మిల్లీ ఆంపియర్లు. అంటే దీపం వెలిగించే కరెంటులో అయిదోవంతు చాలు మనిషి ప్రాణం తీయడానికి. ఎంసీబీకి యీ కరెంటు ఆనదు కూడా. దీనికి వేరే పరికరం ఉన్నది, ఆర్‌సీసీబీ అంటారు. అది ఎట్లా పనిచేస్తుందో అవ్వకు చెప్పడమే నాకు సులభమైంది. గొర్రెల కాపరి పొద్దున దొడ్డి వాకిట్లో నిలబడి మందను లెక్కపెట్టి వదులుతాడు, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెడతాడు. ఒకటి తక్కువైతే దారిలో ఏదో అయిందని తెలిసిపోతుంది. ఆర్‌సీసీబీ కూడా ఒక తీగెలో పోయిన కరెంటు, రెండో తీగెలో తిరిగి వచ్చిన కరెంటు సరిచూస్తూనే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఆ కరెంటు ఏ మనిషి గుండానో భూమిలోకి పోతున్నదని తలచి, కన్ను మూసి తెరిచేలోగా మొత్తం ఆపేస్తుంది. ఒకేసారి రెండు తీగెలనూ రెండుచేతులతో పట్టుకున్న మూర్ఖుణ్ణి మాత్రం అది కూడా కాపాడలేదు. పోయిన గొర్రెలన్నీ తిరిగి వచ్చినట్టే కనపడతాయి గదా!

"నిప్పు అంటుకుంటే బిందెడు నీళ్లు కుమ్మరిస్తే పోలేదా అయివారూ?" అన్నది అవ్వ. మెయిన్ ఆపకముందు నీళ్లు పోస్తే, నీళ్లు పోసినవారికే షాక్ కొట్టవచ్చు. మొదట మెయిన్ ఆపాలి. అది చేతికి అందకపోతే అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయాలి. చిన్న మంటయితే పొడి ఇసుక చల్లవచ్చు. కాని పత్తి విషయంలో పైన మంట ఆరింది కదా అని మూటను ఇంట్లో ఉంచకూడదు. అగ్నిమాపకదళంవారు చూసిందాకా లోపల రాజుకుంటూనే ఉండవచ్చు. షాక్ తగిలి తీగెను వదలలేకపోతున్న మనిషిని ఎట్టి పరిస్థితిలోనూ తాకరాదు. ముందు కరెంటు ఆపాలి.

ఆ మధ్యాహ్నమే కరెంటాయన్ను పిలిపించారు. రాడ్డుకు గోడలో వేరే పవర్ సాకెట్టు, దానికి తగిన లావు తీగె వేశాడు. ఆర్‌సీసీబీ పెట్టాడు. దానిమీద పరీక్షకని ఒక మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కి, పడుతున్నదో లేదో చూడమని కుర్రవాడికే అప్పగించాడు. ఎర్తు తీగె పరీక్షిస్తే మీటరు దగ్గరే తెగి ఉన్నది. ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను తక్కినవాటికంటే పొడుగ్గా, లావుగా ఎందుకుంటుందని మీరెప్పుడైనా ఆలోచించారా? అది ఎర్తు పిన్ను. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగిలి, తీసేటప్పుడు అందరికంటే చివర విడవాలని అట్లా చేశారు. దీపం రేకుకు కరెంటు తగిలితే అది మన ఒంట్లోనుంచి కాక ఆ పిన్నుద్వారా భూమిలోకి దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టేవారిని నేను చాలామందిని చూశాను.

మెంతిమడికి చోటు వెతకడమే కష్టమైంది. పత్తికి దూరంగా ఉండాలి, మండని చోటై ఉండాలి, గాలి ఆడాలి. చివరకు అవ్వే చూపించింది. వంటింటి గోడలో మూరెడు వెడల్పున ఒక గూడు ఉన్నది. ఊరికి కరెంటు రాకముందు అందులో ఆముదం దీపం పెట్టేవారట. పైనా కిందా కడపబండ, చుట్టూ రాతిగోడ. మసిపట్టి నల్లగా ఉన్న ఆ గూటికి లోపలంతా సున్నం కొట్టాం. సున్నం అల్యూమినియం కాగితంలాగా తళతళలాడకపోయినా, వెలుగును చక్కగా వెనక్కు పంపుతుంది. మండదు, కరెంటు పారనివ్వదు కూడా. దీపాన్ని బండకు కొక్కెంతో వేలాడదీసి, వెనక నాలుగు వేళ్ల సందు వదిలాం. సాకెట్టు మడికి కింద కాక పక్కగా, ఎత్తులో ఉన్నది. తీగెను సాకెట్టుకంటే కిందికి ఒక వంక తిప్పి పైకి తీసుకుపోయాం. ఎప్పుడైనా నీళ్లు తీగె వెంబడి జారినా ఆ వంక దగ్గర కింద పడిపోతాయిగాని సాకెట్టులోకి పోవు. నీళ్లు పోసేముందు స్విచ్చి ఆపాలని వాడే ఒక కాగితంమీద రాసి అంటించాడు. అందరూ ఇల్లు విడిచి పొలానికి పోయేటప్పుడు దీపం ఆర్పే పని అవ్వది.

వీటన్నిటికీ అయిన ఖర్చు దీపం ధరకంటే ఎక్కువే. "ఎండకు కరువైన ఊరా మనది? ఆ గింజలేవో మిద్దెమీద చల్లితే రూపాయి ఖర్చు లేకుండా మొలుచును గదా!" అని అవ్వ ఇప్పటికీ సణుగుతుంది. ఆమె మాటలోనూ న్యాయం ఉన్నది. వైశాఖం ఎండలకు మిద్దెమీద నారు మాడిపోయేటప్పుడు చూద్దాం అని కుర్రవాడి వాదం. అందులోనూ న్యాయం ఉన్నది.

పుష్యమాసంలో ఆ గూట్లోని మెంతికూర కోసి అవ్వ పప్పు చేసి, ఒక గిన్నెడు మా ఇంటికి పంపింది. కుర్రవాడు ఇప్పుడు చామంతి మొక్క ఒకటి తెచ్చి, దాన్ని ఎన్నాళ్లు పూయకుండా ఆపగలనా అని రాత్రిళ్లు దీపంతో పరీక్ష చేస్తానంటున్నాడు. నిద్రపోయే వేళకు దీపం ఆర్పేటట్టు ఒక టైమరు కొనిస్తానని నేను ఒప్పుకున్నాను.